అత్త బుట్టలో ప్రింటరు

మామయ్య పోయినాక మా మేనత్త ఒక చిన్న కెమెరా, టిఫిన్ డబ్బా అంత ఫొటో ప్రింటరు కొనుక్కుంది. దొరవారిసత్రం నుంచి ఏ పెళ్లికి వచ్చినా వైరు బుట్టలో ఆ రెండూ ఉండేవి. ఆ ప్రింటరు మోతకు శ్రీహరికోట రాకెట్టు సిగ్గుపడి కూర్చోవాలి. ఎవరేమన్నా అత్తది ఒకటే మాట: "ఏం, నేను కనపడకూడదా?"

పెదనాన్న కూతురి పెళ్లిలో పసుపు కుంకుమల పళ్లెం ఆమెను దాటుకుని పోయింది. ముత్తైదువలంతా పెళ్లికూతురి చుట్టూ ఫొటోకు నిలబడ్డారు.

"నువ్వు పక్కనుండుమ్మా, శుభమా అని తీసుకుంటా ఉండాము," అన్నాడు పెదనాన్న.

అత్త పక్కకే పోయింది. కెమెరాను బియ్యం బస్తా మీద పెట్టి, టైమరు నొక్కి, పందిరి గుంజలు అదిరేలా నడిచొచ్చి పెళ్లికూతురి భుజం మీద చెయ్యేసి నిలబడింది.

తర్వాత ప్రింటరు మొదలైంది. అది ఒక్కో రంగే వేస్తుంది. కాగితం మొదట బయటికొచ్చినప్పుడు మనుషులంతా పసుపుపచ్చగా ఉన్నారు. లోపలికి పోయి మళ్లీ వచ్చేసరికి ఎరుపెక్కారు. చుట్టాలందరూ పులికాట్ కొంగల్లా మెడలు సాచారు.

"చించెయ్ దాన్ని," అన్నాడు పెదనాన్న.

"చించుకో. కాగితాలింకా ఉండాయి. చూసినావా అన్నా, ముందు పసుపేసింది, తర్వాత కుంకమేసింది. నీ కూతురికెంతో నాకూ అంతే."

పెదనాన్న నోరు తెరిచేలోపే పెళ్లికూతురు చెయ్యి చాపింది. "అత్తా, నాకొకటి."

అత్త మళ్లీ బటన్ నొక్కింది. రెండో కాగితం కూడా అందరికీ పసుపు పూసే బయటికొచ్చింది.