పైడమ్మ అత్త ఘటం, నా డ్రోను

2023 వేసవి. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో, రైలు పోతే గోడమీది ఫ్రేములు అదిరే చిన్న ఫొటో స్టూడియో నాది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు, పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేసి దండ వేయడానికి ఇవ్వడం, ఇదే నా పని. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక గిరాకీ పలచబడింది. ఆ ఏడాదే మొండి ధైర్యం చేసి ఒక చిన్న డ్రోను కొన్నాను. పావుకిలో కన్నా తక్కువ బరువు. అంత చిన్నదానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి వీల్లేదు. ప్రభుత్వం వారి మ్యాపులో ఎర్రరంగు ఉన్నచోట అనుమతి లేకుండా లేపితే కేసే. స్టీలు ప్లాంటూ రైలు పట్టాలూ పక్కనే ఉన్న మా వీధిలో దాన్ని పెట్టెలోంచి తీయాలన్నా భయమే. అందుకని ఆదివారాలు మా ఆయన్ని వెంటేసుకుని, ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్ అవతల ఒక ఖాళీ మైదానానికి పోయేదాన్ని.

డ్రోను కొత్తగా పట్టినవాళ్ళు ముందు నేర్వాల్సింది దాన్ని గాల్లో నలుచదరంగా తిప్పడం. వినడానికి ఎంత తేలికో, చేయడానికి అంత కష్టం. దాని ముఖం మనవైపు తిరిగిందంటే మన కుడి దానికి ఎడమ అవుతుంది. నేను కుడి అనుకుని మీట నొక్కితే అది తిన్నగా వెళ్ళి తుమ్మచెట్టులో కూర్చుంది. మా ఆయన ఎక్కి దించాడు. ఎక్కినంతసేపూ, దిగినంతసేపూ నన్ను తిడుతూనే ఉన్నాడు. కెమెరా ఊగకుండా పట్టే గింబల్ అనే చిన్న భాగం అదృష్టవశాత్తూ బాగానే ఉంది, లేకపోతే ఆ తిట్లు ఇంటిదాకా సాగేవి. ఎడిటింగ్ మాత్రం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాటిలో అందరూ చెప్పేది ఒకటే: కదిలేది ఉంచు, నిలబడ్డది కోసెయ్. నేనూ దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఆ మైదానంలోనే శ్రీను నన్ను చూశాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని చేస్తాడు, మన తెలుగువాళ్ళే. కాసేపు తలెత్తి డ్రోన్ని చూసి దగ్గరికొచ్చాడు.

"అక్కా, మా అమ్మ కోసం ఘటం తీత్తావా?"

మా ఉత్తరాంధ్ర వాళ్ళు ఏ ఊరు చేరినా అమ్మవారి పండగను వెంట తెచ్చుకుంటారు. ఆరోజు మొక్కుకున్న ఆడమనిషి పసుపునీళ్ళూ వేపాకులూ ఉన్న ఘటాన్ని, దానిమీద వెలిగే దీపాన్ని తలమీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా తన ఇంటినుంచి గుడిదాకా నడవాలి. దారిలో ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. ఆ ఇంటివాళ్ళు కాళ్ళకు పసుపునీళ్ళు పోసి దండం పెట్టాకే ముందుకు కదలాలి. ఏ ఒక్క గుమ్మాన్నీ దాటిపోకూడదు.

శ్రీను కొన్నేళ్ళ కిందట పనిలో ఎత్తునుంచి పడి మంచం పట్టాడట. కొడుకు మళ్ళీ లేచి నడిస్తే ఐదేళ్ళు ఘటం మోస్తానని వాళ్ళమ్మ పైడమ్మ మొక్కుకుంది. కొడుకు నడిచాడు. నాలుగేళ్ళు ఆవిడ మోసింది. ఆఖరి ఏడు, పండగ దగ్గర పడ్డాక, బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. కోడలు కుమారి మోసినా చెల్లుతుందని పెద్దలు తేల్చారు. ఆ తీర్పు అందరికీ నచ్చింది, పైడమ్మకు తప్ప.

నేను వాళ్ళ బస్తీకి చూడటానికి వెళ్ళేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సరిగ్గా తినడం లేదని, డాక్టరు చెప్పిన కాళ్ళ కసరత్తులు ముట్టడం లేదని కుమారి నాతో మెల్లగా చెప్పింది.

"నా మొక్కు నా కాళ్ళతోటి తీరాల గానీ, దాని కాళ్ళతోటి తీరతాదేటమ్మా?" అంది పైడమ్మ అత్త గోడతోనే.

"పైనించి వీధంతా తీసి సూపిత్తే అమ్మకి కొంచెం నిబ్బరం వత్తాదని ఆశక్కా," అన్నాడు శ్రీను.

అప్పుడు ఆవిడ నావైపు తిరిగింది. "దానికి పంకాలుంటాయంట గదా. దీపం ఆరిపోతే ఏటి గతి?"

మంచి ప్రశ్నే. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనేలేదు. మరుసటి ఆదివారం మైదానంలో మా ఆయన నెత్తిమీద ఒక చెంబు, దానిమీద ప్రమిద పెట్టి నిలబెట్టాను. "షిఫ్టు జేసొచ్చినోన్ని పట్టుకుని ఏటే ఈ తమాసా! ఎవులైనా సూత్తే పాగల్ అనుకుంటారు," అని ఆయన గొణుగుతుంటే, డ్రోన్ని కొంచెం కొంచెంగా దించుతూ పోయాను. ఒకచోట దీపం టప్పున ఆరిపోయింది, మా ఆయన జుట్టు లేచి నిలబడింది. మనుషుల నెత్తిమీదుగా ఎగరేయకూడదని నిబంధన ఎలాగూ ఉంది. ఇళ్ళ కప్పుల పక్కనుంచి, దూరంగా ఉండి తీయాలని ఆరోజు ఖాయం చేసుకున్నాను.

పండగకు గుడి కమిటీవాళ్ళు అనుమతి తీసుకున్నారు. నేను మ్యాపు మళ్ళీ చూసుకున్నాను, వాళ్ళ బస్తీమీద ఎర్రరంగు లేదు. ఎండ తగ్గాక ఒక డాబా మీద నిలబడి డ్రోను లేపాను. కింద డప్పులు, పసుపు చీరలు, మధ్యలో కుమారి నెత్తిన దీపం. బ్యాటరీ అరగంట కూడా రాదు. అయిపోయినప్పుడల్లా కిందికి దించి మార్చి మళ్ళీ లేపాను. దీపం గుడిదాకా ఆరలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత ఎడిటింగ్‌కు కూర్చున్నాను. కంప్యూటర్లో టైమ్‌లైన్ అని ఒక పొడుగాటి పట్టీ ఉంటుంది, తీసిన ముక్కలన్నీ దానిమీద వరసగా పేర్చుకుంటాం. ఘటం ఆగినచోటల్లా కోశాను. నడిచినవి ఉంచాను. డప్పుల పాట ఒకటి వేసి ఐదు నిమిషాల వీడియో చేసి, శ్రీను ఇంట్లో టీవీకి తగిలించి చూపించాను. చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను పైడమ్మ అత్త ముఖం చూశాను.

"బాగుంది గానీ, ఇదేటి, గెంతుకుంటా ఎల్లిపోతంది? అప్పలకొండ గుమ్మం ఏది? ఆల్ల పక్కింటోల గుమ్మం ఏది? ఎవులూ నీల్లు పొయ్యనేదా?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. "ఐదు నిమిషాల్లో బస్తీలో గుమ్మాలన్నీ ఎక్కడ పట్టించను అత్తా?"

ఆవిడకు కోపం రాలేదు. "నీ బొమ్మతోపాటు నానూ నడుత్తన్నానమ్మా. నువ్వు మజ్జిలో ఎగిరెల్లిపోతే నా కాలెక్కడెయ్యాల?"

చెల్లని ముక్కలని పక్కన పడేసినవే ఆవిడకు కావాల్సినవి. ఇంటికొచ్చి, పాట తీసేసి, కోసిందంతా మళ్ళీ వరసలో పెట్టాను. ఆగిన ప్రతి గుమ్మం, పోసిన ప్రతి చెంబు నీళ్ళు. చూసుకుంటూ వస్తే ఒక గుమ్మం తక్కువైంది. నేను బ్యాటరీ మారుస్తున్నప్పుడు దాటినది, పుష్పా దీదీ వాళ్ళది. వాళ్ళు బిహార్ వాళ్ళు. మన పండగ కాకపోయినా, పైడమ్మ ఘటం ఎత్తిన మొదటి ఏడునుంచీ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడే మనిషి ఆవిడ. ఆ గుమ్మం లేకపోతే పైడమ్మ అత్త నడక అక్కడే ఆగిపోతుంది.

మళ్ళీ తీద్దామంటే పండగ అయిపోయింది. దిగులుగా వెళ్ళి పుష్పా దీదీకి సంగతి చెప్పాను.

"అరే, మేరే ఫోన్ మే హై నా!" అని నవ్వింది. రాంచీలో ఉన్న కూతురికి పంపడానికి వాళ్ళాయన ఆవిడ ఫోన్లో తీశాడట. ఒక మూల ఆయన వేలు అడ్డం పడింది, చెయ్యి ఊగింది. కానీ అందులో నా డ్రోను తీయలేనివి రెండున్నాయి. కుమారి పాదాలు దగ్గరగా ఉన్నాయి. మాటలున్నాయి. నా డ్రోనుకు చెవులు లేవు, మైకు ఉండదు. ఆ ముక్కను స్టూడియోలో ఒక్కదాన్నే విన్నాను. విని, వేలు ఉన్నది ఉన్నట్టే ఉంచి దాని చోట అతికించాను.

మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళినరోజు శ్రీను వాళ్ళమ్మను మంచం అంచున కూర్చోబెట్టాడు, పాదాలు నేలకు ఆనేలాగా. ఈసారి చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు. అంత పొడుగు వీడియో చూసే ఓపిక ఎవరికుంటుంది? మేం నలుగురమే. పైడమ్మ అత్త ఒక్కో గుమ్మం రాగానే ఆ ఇంటావిడ పేరు చెప్పి తల ఊపుతోంది. అలా నడిచి నడిచి పుష్పా దీదీ గుమ్మానికి వచ్చాం. అంతవరకూ మూగగా ఉన్న వీడియోలో ఒక్కసారిగా డప్పులు మోగాయి. నీళ్ళు కుమారి పాదాలమీద పడ్డ చప్పుడు వినిపించింది. పుష్పా దీదీ హిందీలో అడిగింది, పైడమ్మ దీదీ ఎలా ఉందని. కుమారి గొంతు, డప్పుల మధ్య సన్నగా:

"మాజీ హీ ఉఠాయీ హై, దీదీ. మేరా తో ఖాలీ సర్ హై."

మోస్తున్నది మా అత్తే, నాది తల ఒక్కటే అని.

కుమారి సిగ్గుపడి వంటింట్లోకి పోబోయింది. పైడమ్మ అత్త ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మళ్ళీ ఆ చెయ్యి వదల్లేదు. వీడియో ఇంకా చాలా గుమ్మాలు ఆగి గుడికి చేరింది. అక్కడ కుమారి ఘటం దించుతుంటే, ఇక్కడ పైడమ్మ అత్త కోడలి చెయ్యి వదిలి తన రెండు చేతులూ తలమీదికి ఎత్తింది. బరువు పట్టుకున్నట్టు వేళ్ళు మడిచి, మెల్లగా ఒళ్ళోకి దించింది.

"దిగిందమ్మా," అంది. కోడలివైపు తిరిగి, "కుమారీ, కాసింత అన్నమెట్టే. బాగా నడిసొచ్చాను, ఆకలేత్తంది."

ఇప్పుడు నాకు డ్రోను పనులు బాగానే వస్తున్నాయి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, కద్మాలో ఒక స్కూలు వార్షికోత్సవం కూడా తీశాను. ఎడిటింగ్‌కు కూర్చునే ముందు ప్రతి ఇంటివాళ్ళనూ ఒకటి అడుగుతాను, ఇందులో ఏది తీసేస్తే మీకు అడుగు తడబడుతుందని. కొందరు నవ్వుతారు, కొందరు చాలాసేపు ఆలోచించి చెబుతారు. ఆ జవాబు వినేదాకా నేను దేన్నీ కొయ్యను. ముక్కలు కలపడం నాకు ఫోను నేర్పింది. ఎవరి కోసం కలుపుతున్నానో అడగాలని నేర్పింది మాత్రం పైడమ్మ అత్త. ఆరోజు మర్యాదకి "బాగుంది" అని ఊరుకుని ఉంటే నేను ఇప్పటికీ గుమ్మాలు దాటేస్తూనే ఉండేదాన్ని. ఊరుకోనందుకు ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.