నూనె రాకూడదన్న మొక్కు

మొగుడి ఉద్యోగం నిలబడాలని మొక్కే ఆడవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మొగుడు పనిచేసే చోట నూనె రాకూడదని మొక్కింది మాత్రం, బుచ్చయ్యపేట చుట్టుపక్కల మా లోవలక్ష్మి ఒక్కతే అయి ఉంటుంది.

ఆమె భర్త నానాజీ గుజరాత్‌లో ఓ పాత చమురు క్షేత్రంలో కాంట్రాక్టు కూలీ. పెళ్లైన నాటి నుంచీ ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చిపోవడమే. ఫోన్లో కూడా నూనె బావుల గోలే. చెరుకు మడికి కట్టిన నీళ్లు గండి పడ్డవైపు పరుగెత్తినట్టు, నూనెను బావివైపు తోయడానికి భూమిలోకి పంపిన నీరు గరుకిసుక పొరలోంచే పారిపోతోందట. సన్నిసుకలో నూనె అలాగే ఉండిపోతోందట. అందుకని ఏదో పొడి కలిపి, నీటిని గంజిలా చిక్కబరిచి పంపుతున్నారు. ఆ పొడి కలిపే పని నానాజీదే. నూనె పెరిగితే సరే, లేదంటే క్షేత్రం మూసేస్తారని చెప్పాడు. మూసేస్తే మనిషి ఇంటికొస్తాడు కదా! లోవలక్ష్మి ఎవరికీ చెప్పకుండా తలుపులమ్మ లోవకు వెళ్లి, నూనె రాకపోతే కోడినిస్తానని అమ్మవారికి మొక్కుకుంది.

నూనె పెరగలేదు. రెండు బావుల మధ్య భూమి లోపల బంకమట్టి గోడలా అడ్డం ఉందని, చిక్కటి నీళ్లు దాన్ని దాటలేవని పరీక్షల్లో తేలింది. పనివాళ్లను పంపేశారు.

అనకాపల్లి స్టేషన్‌కు కొత్త చీర కట్టుకుని వెళ్లిన లోవలక్ష్మికి, రైలు దిగిన భర్త ముఖం చూడగానే నవ్వు ఆగిపోయింది. అన్నం ముందు కూర్చుని అప్పుడు చెప్పాడు నానాజీ. నూనె పెరిగితే పర్మనెంటు చేసి క్వార్టర్ ఇస్తామన్నారట. చేతికొచ్చాక చెప్పి, ఆమెను అక్కడికి తీసుకెళ్దామని ఇన్నాళ్లూ దాచాడట. ఇప్పుడు దొరికింది నడిసముద్రంలో నూనె తోడే ప్లాట్‌ఫారం మీద పని. అక్కడికి పెళ్లాన్ని తీసుకెళ్లడానికి లేదు.

ఆమె గుండె చెరువైంది. "నూనె రాకూడదని నేనే మొక్కేను మావా," అంది.

తిట్టినా బాగుండేది. నానాజీ ఎడమచేత్తో ఆమె కళ్లు తుడిచాడు.

"పిచ్చిదానా, ఆ మట్టి గోడ మన తాతల తాతలకి ముందు నించీ ఉంది. నీ మొక్కు దాన్నేటి సేత్తాది?"

వారం తిరక్కుండా రైలెక్కాడు. ఆయన ఏమన్నా, మొక్కిన మొక్కు తీరింది, తీరాక చెల్లించకపోతే తప్పు. మర్నాడు లోవలక్ష్మి కోడిని చంకన పెట్టుకుని, ఏడుస్తూనే లోవ మెట్లెక్కింది.