చుక్కల కేసెట్లు

2003లో వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలో నన్ను జూనియర్ అసిస్టెంటుగా టెక్కలి, పలాస ప్రాంతంలోని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు బదిలీ చేశారు. కోర్టు పేరు చెప్పను. చెప్పినా జరిగినదానిలో తేడా ఏమీ రాదు. నాకు అప్పగించింది ప్రాపర్టీ సెక్షన్. పోలీసులు కేసుల్లో పట్టుకున్న వస్తువులు కోర్టుకు వస్తే సీళ్ళు సరిచూసి, నంబరు వేసి, గదిలో భద్రపరచాలి. విచారణ రోజున సాక్షి ముందు పెట్టాలి. తీర్పు వచ్చాక మేజిస్ట్రేటు గారి ఉత్తర్వు ప్రకారం తిరిగి ఇవ్వడమో, వేలం వేయడమో, నాశనం చేయడమో జరగాలి. కత్తులు, సారా డబ్బాలు, సైకిళ్ళు వచ్చేవి. ఒకసారి జీడిపిక్కల బస్తా వచ్చింది. దానికి పట్టిన పురుగు ఫైళ్ళలోకి కూడా పాకి, సూపరింటెండెంటు గారి చేత నాకు బాగా చీవాట్లు పెట్టించింది.

ఆ వానాకాలంలో ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. కాశీబుగ్గలో శంకర్రావు అనే అతని రికార్డింగు షాపు మీద పోలీసులు దాడి చేసి పట్టుకున్న సరుకు అది. ఈ రోజుల వాళ్ళకు రికార్డింగు షాపు అంటే ఏమిటో చెప్పాలి. మనం ఖాళీ కేసెట్ ఇచ్చి, కావలసిన పాటలు చెబితే, వేర్వేరు సినిమాల్లోంచి తీసి దాని మీద ఎక్కించి ఇచ్చేవారు. హక్కుదారు అనుమతి లేకుండా అలా చేయడం కాపీరైటు చట్టం కింద నేరమని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా అక్కడే ఎక్కించుకునేవారు. పట్టుకున్న చోటే ఇద్దరు పెద్దమనుషుల ముందు పోలీసులు రాసే మధ్యవర్తుల రిపోర్టు పెట్టెతో పాటు ఉంది. దాని చివర ‘నల్ల చుక్కలు గల పాత కేసెట్లు తొమ్మిది’ అని రాశారు. తీసి చూస్తే ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు, అలా తొమ్మిది దాకా ఉన్నాయి. షాపువాడి గుర్తులనుకొని సీలు వేసేశాను.

మొదటి వాయిదాకే ఆ చుక్కల తాలూకు మనిషి వచ్చాడు. పేరు లోకనాథం. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లె. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అతనికీ, భార్య నీలవేణికీ పాటల పిచ్చి. ఏడాది పొడుగునా కొత్త సినిమాల కేసెట్లు కొనేవారు, కొనలేనివి అడిగి తెచ్చుకునేవారు. డిసెంబరు ఆఖర్లో ఇద్దరూ కూర్చొని ఆ ఏటికి ఏ సినిమా కేసెట్ మేటిదో వాదించుకొని తేల్చుకునేవారు. తర్వాత అన్నిట్లోంచీ నచ్చిన పాటలు ఏరి, శంకర్రావు చేత ఒకే కేసెట్ మీద ఎక్కించుకునేవారు. ఏరడంలో ఇద్దరి మాటా చెల్లేది. ఏ పాట ముందు, ఏ పాట వెనక అన్నది మాత్రం పూర్తిగా ఆమె ఇష్టం. ఏడుపు పాట పక్కన డప్పు పాట పెట్టి, దాని తర్వాత జోలపాట పెట్టేదట. ఇదేం వరస అని అతను దెబ్బలాడితే, ముందు విను అనేదట. ఒక ఏడాది పాటలు చాలామట్టుకు ఆమెకు నచ్చక రెండోవైపు ఖాళీగా వదిలేయించింది. ఆమెకు రాత రాదు. పిక్కలు ఒలిచే పని కనుక, ఆ జీడి సొనతోనే కేసెట్ల మీద చుక్కలు పెట్టేది. ఆ మచ్చ ఎంత కడిగినా పోదు.

తొమ్మిదో కేసెట్ చేయించేనాటికి ఆమెకు కాళ్ళూ ముఖమూ వాచి, విశాఖపట్నం ఆస్పత్రికి తిరుగుతున్నారు. కిడ్నీలు పోవడం ఉద్దానంలో ఇంటింటి జబ్బు, పేరు ఎవరూ విడిగా అడగరు. పదో కేసెట్ లేదు.

టేపులు సాగి పాట బొంగురుపోతోందనీ, శంకర్రావు కొత్తగా కంప్యూటరు కొన్నాడనీ, వాటిని సీడీల మీదికి ఎక్కించమని లోకనాథం తొమ్మిదీ తెచ్చి ఇచ్చాడు. పని మొదలుకాకముందే పోలీసులు వచ్చారు.

అతను ఏం చేయాలో నేను చెప్పాను. నిందితుడు కాని మనిషి తన వస్తువు కేసులో చిక్కుకుంటే, వెంటనే పిటిషన్ వేసుకొని మేజిస్ట్రేటు గారి ముందు తన మాట చెప్పుకోవచ్చు. ఇస్తారో ఇవ్వరో గాని, ఇలాంటి మనిషి ఒకడున్నాడని కోర్టుకు తెలుస్తుంది. అతను వెళ్ళి శంకర్రావును సలహా అడిగాడు. “పిటీసను ఏటికి మావా, డబ్బు దండగ. కేసు ఎలాగూ నిలబడదు, అన్నీ ఇంటికొచ్చెత్తాయి” అన్నాడట శంకర్రావు. ఎన్నో ఏళ్ళుగా పాటలు ఎక్కించి ఇచ్చిన మనిషి మాట కనుక లోకనాథం నమ్మాడు.

ప్రతి వాయిదాకూ పని మానుకొని వచ్చి వరండాలో కూర్చునేవాడు. ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ గదిలో చెమ్మ ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. “కేసెట్లకి సెమ్మ పడదు బాబూ. కింద ఎట్టకండి” అన్నాడు. ఆ సాయంత్రమే పెట్టెను బీరువా మీదికి ఎక్కించాను.

మా కోర్టుల్లో ఒక అలవాటు ఉండేది. చిన్న కేసుల్లో నిందితుడు వాయిదాలకు తిరిగి తిరిగి విసిగిపోతే, తప్పు ఒప్పుకొని జరిమానా కట్టి బయటపడతాడు. పోలీసులకు కేసు గెలిచినట్టు, కోర్టుకు ఒక ఫైలు తగ్గినట్టు, నిందితుడికి పీడ విరగడైనట్టు. రెండో ఏడాది శంకర్రావు అదే చేశాడు. కేసెట్ల వ్యాపారం అప్పటికే పడిపోయింది. షాపును సెల్‌ఫోన్ల దుకాణంగా మార్చే హడావుడిలో ఉన్నాడు. నేరం చేశావా అని మేజిస్ట్రేటు గారు అడిగితే “సేసేను బాబూ” అన్నాడు. ఆ రోజు కోర్టు ముగిసేదాకా ఖైదు, జరిమానా. పట్టుబడినవన్నీ అక్రమ నకళ్ళు కనుక అప్పీలు గడువు దాటాక నాశనం చేయాలని తీర్పు చివరి పేరాలో ఉంది.

లోకనాథం వెనక బెంచీలో కూర్చొని అంతా విన్నాడు. అర్థమైంది మాత్రం కేసు ముగిసిందని ఒక్కటే. నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. “అయిపోనాది గదా బాబూ. నా కేసెట్లు ఇచ్చీండి, సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాను” అన్నాడు. తీర్పులో ఏముందో అతనికి చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన మాట మరొకటి చెప్పలేదు.

శంకర్రావు మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కానీ తాను ఒప్పుకుంటే ఆ తొమ్మిదీ పోతాయని అతనికీ తెలియదు. తెలిశాక బెంచీ మీద కూలబడి “నాకు తెలీదు మావా, నాకు తెలీదు” అంటూనే ఉన్నాడు.

అప్పుడు లోకనాథం పిటిషన్ వేశాడు. మేజిస్ట్రేటు గారు కఠినులు కారు; లోకనాథాన్ని ముందుకు పిలిచి స్వయంగా అడిగారు. ఆ పాటలు బజారులో మళ్ళీ దొరుకుతాయి కదా అన్నారు. “పాటలు దొరుకుతాయి బాబూ. మా ఇంటిది ఎట్టిన వరస దొరకదు. మూడు పాటలదాకా గేపకం ఉంటాది, ఆ తరవాత ఒకదాన్లో ఒకటి కలిసిపోతన్నాయి” అన్నాడు. మేజిస్ట్రేటు గారు అక్రమమని తేలిన నకళ్ళను ఎవరి చేతికీ ఇవ్వడానికి వీల్లేదని రాసి పిటిషన్ కొట్టేశారు. చట్టం ప్రకారం అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నాశనం చేయడానికి ఒక పద్ధతి ఉంది. సూపరింటెండెంటు గారి సమక్షంలో సీలు విప్పి, రిపోర్టుతో లెక్క సరిచూసి, కోర్టు వెనక గోతిలో తగలబెట్టి, అలా చేసినట్టు సంతకాలు చేయాలి. ఆ రోజు లోకనాథం వచ్చి ప్రహరీ అవతల నిలబడ్డాడు. మిగతావన్నీ అయ్యాక చుక్కల కేసెట్లు తీస్తుంటే నన్ను పిలిచాడు. ఒక్కటైనా ఇమ్మంటాడేమో అనుకుంటూనే గోడ దగ్గరికి వెళ్ళాను.

“బాబూ, వరసలో ఎయ్యండి. ఒక సుక్కది ముందు” అన్నాడు.

సూపరింటెండెంటు గారు నా వైపు చూసి తలూపారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసలోనే వేశాను. తొమ్మిదోది పూర్తిగా కాలేదాకా ఉండి, అతను వెళ్ళిపోయాడు.

ఆ సెక్షన్‌లో నేను ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. నిందితుడు నేరం ఒప్పుకున్నాడంటే, అతన్ని నమ్మి తమ వస్తువు అక్కడ పెట్టినవాళ్ళ తరఫున కూడా ఒప్పుకున్నట్టేనని ఆ కేసులో తెలుసుకున్నాను. వాళ్ళను ఒక మాట అడగాలని ఎవరికీ తోచదు. తర్వాత ఏ పెట్టె వచ్చినా, ఇందులో వేరేవాళ్ళవి ఏమైనా ఉన్నాయా అని మొదటి వాయిదాకే నిందితుణ్ణి అడిగేవాణ్ణి. ఉన్నాయంటే వెంటనే వచ్చి పిటిషన్ వేసుకోమని వాళ్ళకు కబురు పెట్టించేవాణ్ణి. కొందరు వచ్చారు. ఎక్కువమంది రాలేదు. కేసు ఎలాగూ నిలబడదని ఎవరో ఒకరు వాళ్ళకు చెప్పే ఉంటారు.