తివాచీకి పట్టిన చీమలు

2003. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో అదొకటి. కదిరిలో నాది చిన్న డ్రై క్లీనింగ్ అంగడి. పట్టుచీరలు, కోట్లతో పాటు ఇళ్ళకు వెళ్ళి తివాచీల మీద మరకలు కూడా తీసేవాణ్ణి. నీళ్ళు ట్యాంకరులో వచ్చే ఊళ్ళో తివాచీని నిండా తడిపి ఉతకడం కుదరదు. అందుకని మాకు స్పాటింగే దిక్కు. అంటే మరక పడినచోట మాత్రం మందు వేసి, తెల్లగుడ్డతో అద్ది పైకి లాగడం. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది.

ఆ ఎండాకాలం గంగిరెడ్డిగారి ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఆయన వేరుశనగ పండించే పెద్దరైతు. ముందుగదిలో ఉన్ని తివాచీ మీద, ఆయన పడుకునే దివాను పక్కనే, పచ్చటి మరక. కోడలు సుజాత ఐదేళ్ళ కూతురి రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ పిల్లే ఉచ్చ పోసిందన్నా. ఇంత పెద్దదైనా బుద్ధి ల్యా."

"నేను కాదమ్మా," అని పాప ఏడుస్తోంది. వీపు మీద ఒక దెబ్బ పడింది. దివాను మీద పెద్దాయన కిటికీ వైపు చూస్తూ చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాడు.

నీళ్ళలో వెనిగర్ కలిపి అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి వచ్చాను. వారం తిరక్కుండానే మళ్ళీ కబురు.

"మరక మళ్ళా వచ్చుండాదన్నా. సరిగ్గా తీసినావా లేదా?"

ఇలా జరగడం మాకు కొత్త కాదు. వికింగ్ అంటాం. అడుగున మిగిలిన తడి ఆరేటప్పుడు పోగుల వెంట మరకను పైకి మోసుకొస్తుంది. కానీ అలా వచ్చేది పాతచోటే వస్తుంది. ఇది జానెడు పక్కన ఉంది. వంగి చూస్తే చుట్టూ చీమలు.

నా చేయి ఆగిపోయింది. స్నానాలగదిలో మా అమ్మ మూత్రం పోసినచోట కూడా ఇలాగే చీమలు పట్టేవి. అది చక్కెర జబ్బని మాకు తెలిసేసరికి ఆమె కాలు తీసేయాల్సి వచ్చింది. తలెత్తి చూశాను. పెద్దాయన చేతిలో మళ్ళీ చెంబు. కరువులో అందరికీ దాహమే. ఒక ముసలాయన దాహం ఎవరి కంట పడుతుంది?

మరక తీసి అంగడికి వచ్చాను గానీ పని మీద చేయి నిలవలేదు. ఇస్త్రీపెట్టె పట్టుకుంటాను, దించేస్తాను. బయటికి వస్తాను, ఎర్రదుమ్ము కళ్ళలో కొడితే లోపలికి పోతాను. చెబితే పరువుగల మనిషిని ఇంట్లో తల దించుకునేలా చేసినట్టు. చెప్పకపోతే పాపకు దెబ్బలు, ఆయనకు ఇంకేం రాసి ఉందో. అయినా అది ఆ జబ్బేనని తేల్చడానికి నేనేమైనా డాక్టరునా?

మర్నాడు ఉండబట్టలేక అంగడి మూసి వెళ్ళాను. సుజాత బిందెలతో ట్యాంకరు దగ్గర ఉంది. ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఏమప్పా, పని అయిపాయ గదా?"

"పెద్దాయనా, ఆ మరకకు చీమలు పట్టినాయి. మాయమ్మకూ ఇట్లే అయినాది. అది చక్కెర జబ్బు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి."

ఆయన మొహం మాడిపోయింది. "తివాచీలు తుడిసేటోనివి. తుడిసి పో."

లేచాను. గడప దగ్గర నోరు ఆగలేదు. "పాపకు దెబ్బలు పడతాండాయి పెద్దాయనా."

ఆయన చూపు తివాచీ మీదికి దించాడు. తర్వాత సన్నటి గొంతుతో అన్నాడు. "లేసి పోయే లోపలే అయిపోతాది. కోడలికి ఎట్ల చెప్పుకునేదప్పా?"

"నేను ఎవురికీ చెప్పను. మీరే చెప్పల్ల."

"పో," అన్నాడు.

ఆ తర్వాత కబురు లేదు. ఆ వీధిలో పోయినప్పుడల్లా సైకిలు నెమ్మది చేసి చూసేవాణ్ణి. తలుపు వేసే ఉండేది. చివరికి ఒకరోజు సుజాతే అంగడికి వచ్చింది.

"మామను అనంతపురం తీసకపోయినాం అన్నా. చక్కెర బాగా ఎక్కిపోయుండాదంట. కాలివేళ్ళ మధ్య పుండు, ఆయనకే తెలియల్యా. ఇంకా ఆలస్యమైతే కాలు పోయేదన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనే పాపను దగ్గరికి పిలిచి, 'నేనే తల్లీ, నువ్వు కాదు' అని చెప్పినాడు. నేను ఆ పిల్లను ఎంత కొట్టినానో అన్నా!"

పెద్దాయన కాలు నిలిచింది. బజారులో ఎదురైతే మాత్రం నాతో మాట్లాడేవాడు కాదు, చూపు తిప్పుకునేవాడు. బాధగానే ఉండేది. ఆ రోజు నోరు మూసుకుని గడప దాటి ఉంటే ఇంతకు పదింతలు బాధపడేవాణ్ణి.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా "ఎవరు చేశారు" అని మొదలుపెడితే నేను ఆపుతాను. ఏం పడింది, ఎప్పుడు పడింది, నా పనికి ఇవి చాలు. మరక కనబడగానే నింద ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ మీద పడుతుంది. నిజం తెలిసిన మనిషి సిగ్గుతో నోరు విప్పలేక ఆ గదిలోనే కూర్చుని ఉండొచ్చు.