అలగని అల్లుడు

మా ఆయన దినేష్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మిగతాది వింటే మీకు అనుమానం రావచ్చు. ప్రొద్దుటూరులో వాళ్ళది నగల అంగడి. పెళ్ళైన కొత్తలో ఒకరోజు గ్యాస్ సిలిండరు తెస్తానని పొద్దున్నే పోయిన మనిషి మధ్యాహ్నం దాటాక తాంబూలం సంచితో తిరిగొచ్చాడు. దారిలో ఎవరిదో గృహప్రవేశమట. షామియానా తాడు ఊడిపోతుంటే కట్టడానికి ఆగాడట, తర్వాత వడ్డించాడట, ఆ తర్వాత బంతిలో కూర్చుని తిన్నాడట. అది ఎవరిల్లో ఈ రోజుకీ తెలియదు. సిలిండరేదంటే "అయ్యో" అన్నాడు.

అంగట్లోనూ అంతే. ఒకరికి కమ్మలు చూపిస్తూ లేచి ఇంకొకరికి గొలుసు తీస్తాడు. ఆ గొలుసు చేతిలో పట్టుకునే టీ చెప్పడానికి వీధిలోకి పోతాడు. వాళ్ళ నాన్న తల బాదుకునేవాడు. నా బాధ వేరు. పెళ్ళైన దగ్గర్నుంచి నేను మొదలుపెట్టిన మాట ఒక్కటీ ఈయన చివరిదాకా వినలేదు. సగంలోనే చూపు కిటికీలోంచి బయటికి పోయేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. గోడకు చెప్పుకున్నా అది నిలబడి వింటుంది కదా!

చివరికి నేనే ఈయన్ను కడపలో మనసు డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయా. ఆమె చిన్నప్పటి సంగతులన్నీ ఓపిగ్గా రాబట్టి, ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, దృష్టి ఒకచోట నిలవని జబ్బు, పెద్దవాళ్ళకూ ఉంటుంది అంది. మాత్ర రాసిచ్చింది. నోరెండుతుంది, పగలు ఆకలి చచ్చిపోతుంది, సాయంత్రం మందు దిగాక తిరిగొస్తుంది, కాబట్టి పొద్దున్నే తిని మింగమంది. ఆలస్యంగా మింగితే రాత్రి నిద్ర పట్టదని కూడా చెప్పింది.

మొదలుపెట్టిన వారంలోనే ఒక పొద్దున నేను మా చిన్నత్త గురించి ఏదో చెప్తుంటే, ఈయన కదలకుండా కూర్చుని మొత్తం విన్నాడు. అంత దూరం నా మాట ఎప్పుడూ రాలేదు కాబట్టి, చివర ఏం చెప్పాలో నాకే తోచలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చా. సంతోషంతోనే.

ఇంతలో మొదటి దీపావళి వచ్చింది. పులివెందులలో మా పుట్టింటికి బయల్దేరేటప్పుడే, మాత్ర సంగతి అక్కడ ఎత్తనని ఈయన చేత ఒట్టు వేయించుకున్నా. మా జమ్మలమడుగు పెద్దనాన్న కూడా పండక్కి వస్తున్నాడు. మనసుకు మందు అంటే ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. పిల్లను పిచ్చోడికిచ్చాం అని దారి పొడవునా దండోరా వేసుకుంటూ పోతాడు.

మా ఇంట్లో పూజ కానిదే పొయ్యి వెలిగించరు. పండగ పూజ పది దాటింది. ఈయన అలవాటు కొద్దీ ఏడింటికే ఖాళీ కడుపుతో మాత్ర మింగేశాడు. ఇక చూడండి నా తిప్పలు!

మా అమ్మ ఆదిలక్ష్మి అరిటాకు వేసి పూర్ణం ఓళిగలు, అలసంద వడలు, చిత్రాన్నం వడ్డించింది. "ఆకలిగా లేదత్తా, ఏమీ వద్దు," అని లేచిపోయాడు ఈయన. మూలనున్న పాత మిక్సీ కంటబడింది. దాన్ని విప్పుకుని కూర్చున్నాడు. నీళ్ళు మాత్రం చెంబులకు చెంబులు తాగుతున్నాడు.

ఇల్లంతా గుసగుసలు. పెద్దనాన్న మా నాన్నను పక్కకు పిలిచాడు.

"ఇంగేముందిరా రామకృష్ణయ్యా? అల్లుడు అలిగినాడు."

"ఏమీ వద్దంటాండాడు గదన్నా."

"అలిగినోడు ఏమంటాడు? ఏమీ వద్దనే అంటాడు."

"నీళ్ళు తాగుతాండాడే?"

"నిరాహార దీక్షలో గూడా తాగేది నీళ్ళే."

అలకా కాదు, ఏమీ కాదు అని నేనంటే, "మొగున్ని ఎనకేసుకొస్తాండాది సూడు," అన్నాడు పెద్దనాన్న. పైగా కొత్త అల్లుడు ముద్ద ముట్టనిదే ఇంకెవరూ ఆకు ముందు కూర్చోకూడదట. పండగ పూట ఇంటిల్లిపాదీ పస్తు. పెద్దనాన్న చక్కెర జబ్బు మనిషి. దేవుడి ముందున్న బెల్లం ముక్క ఎవరూ చూడకుండా నోట్లో వేసుకున్నాడు. నేను చూశా.

మధ్యాహ్నానికి నాన్న తన వేలి ఉంగరం తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. ప్రొద్దుటూరు నగల అంగడి వాళ్ళబ్బాయికి ఉంగరం! ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుంకుడు రసం అడిగి, రాళ్ళ సందుల్లో మురికంతా బ్రష్షుతో తోమి, తళతళలాడించి మళ్ళీ నాన్న వేలికే తొడిగాడు. "ఒక రాయి వదులైంది మామా, బిగించుకోండి," అని మిక్సీ దగ్గరికి పోయాడు.

"ఉంగరం సాల్లేదంట," అన్నాడు పెద్దనాన్న.

నాన్న స్కూటరు కొనిస్తానన్నాడు. "మంచిది మామా," అన్నాడు ఈయన తల ఎత్తకుండా. అంతలో పొద్దుగూకింది, మందు దిగింది. ఒక్కసారిగా తలెత్తి, "అత్తా, తినేకి ఏముంది?" అని అడిగి తొమ్మిది ఓళిగలు లాగించాడు. ఆయన వెనకాలే అందరూ ఆకుల మీద పడ్డారు.

"సూసినావా," అన్నాడు పెద్దనాన్న నోటినిండా వడతో. "స్కూటరు పని చేసింది."

మర్నాడు మళ్ళీ పూజ ఆలస్యం, మళ్ళీ ముందే మాత్ర, మళ్ళీ "వద్దత్తా". స్కూటరు నిన్నటికే అరిగిపోయిందని తేల్చాడు పెద్దనాన్న. "ఇంగ అంగట్లో ముందరి భాగం అల్లునికి రాసియ్యాల్సిందే," అన్నాడు. మా నాన్నది బట్టల అంగడి. ఆ ముందరి భాగం మా తమ్ముడు శ్రావణ్‌కని ఎప్పుడో అనుకున్నది. చదువు కాగానే అక్కడ కూర్చోవాలని వాడి ఆశ. వాడు నావైపు చూశాడు. నాన్న మాత్రం సరేనన్నట్టు తలూపాడు. మా వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది!

గదిలోకి పోయి ఈయనకు చెప్పా.

"రేపట్నుంచి మాత్ర మానేస్తాలే వైష్ణవీ," అన్నాడు. "పెట్టిందంతా తినుకుంటా కూసుంటా. ఏమైతాది? మునుపటి మాదిరే ఉంటా."

మునుపటి మాదిరే! ఇన్నాళ్ళకు నా మాట వినే మనిషి దొరికాడు, నేను వదులుకోను. తమ్ముడి అంగడీ పోనివ్వను. ఒట్టు వేయించుకున్న నోటితోనే, మాత్రల డబ్బీ పట్టుకుని నేరుగా వంటింట్లోకి పోయి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశా.

అమ్మ గరిటె కింద పెట్టింది. "మనసు ఒకసోట నిలవకుంటే అది రోగమా? అట్లయితే మీ నాయనకు ముప్పై ఏండ్ల నుంచి ఉండాది. ఆకలిని సంపేది మందెట్లయితాదే? ఆ డబ్బీ ఇట్లియ్యి." నా చేతిలోంచి మాత్రల డబ్బీ లాక్కుని బొడ్లో దోపుకుంది. "నేనే పోయి తినిపిస్తా. తినలేదనుకో, దీన్ని తీసకపోయి మోరీలో ఏస్తా. మీ డాక్టరమ్మనొచ్చి ఎత్తుకోమను."

అన్నంత పనీ చేసే మనిషి మా అమ్మ. పళ్ళెం నిండా ఓళిగలు పెట్టుకుని అల్లుడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డా.

"తిను నాయనా."

"ఆకలి లేదత్తా. ఈ మిక్సీ ఎన్నాళ్ళది?"

"అదా, నా పెండ్లికి జమ్మలమడుగులో మా నాయన కొనిచ్చినాడు." అమ్మ పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. "ఆ నెలలోనే మీ మామ నన్ను గండికోటకు తీసకపోతానన్యాడు. పుట్టింది జమ్మలమడుగులోనే గానీ నేను కోట సూడలేదు. స్కూటరెక్కించుకున్యాడు. నా ఒళ్ళో చిత్రాన్నం డబ్బా. దావలో బట్టల యాపారం ఆయప్ప ఎదురైనాడు. మీ మామ బండాపినాడు."

"తర్వాత?" అన్నాడు దినేష్.

అమ్మ తడబడింది. ఈయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి ఆమెనే చూస్తున్నాడు. ఎవరైనా పిలిచారేమోనని అమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"తర్వాత... నన్ను ఎండలో బండి కాడ నిలబెట్టి ఆయప్ప ఎంబడి పోయినాడు." అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. "పొద్దు నెత్తిమీదికొచ్చినాది. రాడు."

"మీరేం చేసినారత్తా?"

"ఏం జేస్తా, నిలబన్యా. వచ్చి, ఈపొద్దు ఇంగ కాదులే అని ఇంటికి మళ్ళించినాడు. ఇంతవరకు కోట సూడలేదు నాయనా. అడిగితే 'పోదాంలే' అంటాడు. నేను అడిగేది పూర్తి కాకముందే అంటాడు."

కడుపున పుట్టినదాన్ని, ఆ సంగతి నాకే తెలియదు. అమ్మ చెప్తూనే ఉంది, తింటూనే ఉంది. ఈయన రెప్ప వేయకుండా వింటున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది.

నాన్న, పెద్దనాన్న లోపలికొచ్చి ఖాళీ పళ్ళెం చూశారు.

"తిన్యాడా! ఏమిచ్చినావే?" అన్నాడు నాన్న.

"నువ్వు ఆ పక్కన కూసో. మధ్యలో మాట్లాడద్దు. నేనింగా పెండ్లైన మొదటి నెల కాడే ఉండా."

నాన్న కూర్చున్నాడు. ఆ ఇంట్లో అలాంటి మాట పుట్టడం అదే మొదలు.

"అలక తీరినట్టేనా?" అన్నాడు పెద్దనాన్న.

"అలకా లేదు, గిలకా లేదు. పిల్లోడు మందు మింగుతాండాడు. ఎదుటి మనిషి మాట ఇనే మందు. మాపటికి ఆకలేస్తాది, అప్పుడు తింటాడు. అంగడీ వద్దు, స్కూటరూ వద్దు. నువ్వు పోయి తిను బావా, బెల్లంతో ఎంతసేపుంటావు?"

పెద్దనాన్న ఆకు ముందుకు పోయాడు.

అమ్మ బొడ్లోంచి డబ్బీ తీసి దినేష్ చేతిలో పెట్టింది.

"రేపు గూడా మింగుతావు గదా నాయనా?"

"మింగుతానత్తా."

"తెల్లారకముందే పొయ్యి ముట్టిస్తా. దేవుడు ఒక గంట ఆగుతాడులే. తిని మింగు. మింగినాంక నా కాడికొచ్చి కూసో, కడమ కత చెప్తా."