పిట్టల బడికి దుర్గవ్వ కాపలా

రుద్రంగిలో మా పక్కింటి దుర్గవ్వకు ఎవరి మీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడు నీళ్ళు కలుపుతాడేమోనని బర్రె పక్కనే నిలబడి పితికించుకుంటుంది. బడిలో ఇచ్చిన నులిపురుగుల మాత్రను తాను కొంచెం కొరికి చూశాకే కూతురు కల్పనను మింగనిచ్చింది. వాడలో అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ నవ్వేవాళ్ళ మీదే ఒళ్ళు మండుతుంది. ఆమె ఊరికే అట్లా తయారైందా?

ఆమె భర్త రాజమల్లు తాటిచెట్లు గీసేవాడు. వరుసగా కరువు వచ్చి చెట్లకు కల్లు దిగడం తగ్గిపోయాక గల్ఫ్ ఏజెంటు ఒకడు ఇంటికే వచ్చాడు. మా వైపు పాస్‌పోర్టు ఫొటోకు స్టూడియో దాకా పోనక్కర్లేదు. గోడకు తెల్ల బట్ట కట్టి, దాని ముందు మనిషిని నిలబెట్టి, ఫోన్‌తో ఫొటో తీసుకుని పోతారు. దుర్గవ్వ పెట్టెలో దాచుకున్న కొత్త తెల్ల దుప్పటిని తానే తీసి గోడకు కట్టింది. అప్పటి నుంచి ఎవరింట్లో గోడకు తెల్ల బట్ట కనబడినా ఆమె ముఖం తిప్పుకుంటుంది.

అప్పుడు కల్పన చంకలో పిల్ల. ఇప్పుడు నాలుగో తరగతి. రాజమల్లు మాత్రం తిరిగి రాలేదు. సౌదీలో కంపెనీ బండి నడుపుతున్నానని, సెలవు దొరకడం లేదని చెప్పేవాడు. ఊళ్ళో మిగతావాళ్ళు వచ్చి పోతుంటే ఈయనకే ఎందుకు దొరకదు? అక్కడ ఇంకో సంసారం పెట్టాడని దుర్గవ్వ తేల్చేసుకుంది. పోయినవాడు ఎట్లాగూ పోయాడు, బిడ్డను మాత్రం ఎవరికీ ఎత్తుకుపోనివ్వనని నాతో ఎన్నిసార్లు అన్నదో.

ఆ చలికాలంలో రజిత అనే అమ్మాయి మా ఊరికి రావడం మొదలుపెట్టింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాళ్ళ బిడ్డ, జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. పంచాయతీలో అడిగి, ఆదివారం పొద్దున పిల్లలను వెంటేసుకుని తాటివనానికి పోయి పిట్టలను చూపించేది. పిల్లలు దానికి పిట్టల బడి అని పేరు పెట్టుకున్నారు. కల్పన ఏడ్చి మొత్తుకుని మరీ చేరింది.

“ఊకెనే ఎవలన్న గింత దూరం అస్తరా?” అని దుర్గవ్వ నన్ను నిలదీసింది, రమ్మన్నది నేనే అన్నట్టు.

ఒక ఆదివారం కట్టెల కోసం మేమిద్దరం అటువైపు పోయాం. దూరం నుంచే కనబడింది. రెండు తాటిచెట్ల మధ్య తెల్ల బట్ట కట్టి ఉంది. రజిత చేతిలో ఫోన్ ఉంది. పిల్లలను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది.

దుర్గవ్వ చేతిలోని కత్తి కింద పడింది. కొంగు జారినా చూసుకోకుండా ఉరికింది. నేను పోయేసరికే బట్టను గుంజి పారేసింది. దాని వెనక కల్పన, అట్టతో కత్తిరించిన పిట్టను ఎత్తి పట్టుకుని, బిత్తరపోయి నిలబడి ఉంది.

“ఏ ఏజెంటు పంపిండు నిన్ను? పసిపిల్లల ఫొటోలు దీసి ఏ దేశం తోలుతవ్?”

రజితకు ముందు ఏమీ అర్థం కాలేదు. “ఫొటోలు కాదక్కా, నీడలాట. ఎనక నుంచి ఎండ పడుతది గదా, నీడను జూసి గది ఏం పిట్టనో జెప్పాలె. ఫోన్ల దాని కూత వినిపిస్త” అన్నది.

“నీకేమస్తది గిది సూపిస్తె?”

“ఏం రాదక్కా.”

“ఏం రానిదానికి ఎందుకు అస్తున్నవ్ మరి?”

ఏమీ రాదన్న ఆ మాటే దుర్గవ్వ అనుమానాన్ని రెట్టింపు చేసింది. కల్పనను రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చింది. పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి తల్లీ కూతుళ్ళ మధ్య ఒప్పందం కుదిరింది: కల్పన పోవచ్చు, కానీ దుర్గవ్వ కూడా వస్తుంది.

వచ్చింది. ప్రతి ఆదివారం పోలీసు లెక్క కొంచెం దూరంగా కూర్చునేది. పిల్లలంతా పిట్టలను చూస్తుంటే ఆమె రజితను చూసేది. ఒకసారి ఆ పిల్ల సంచి కూడా వెతికింది. అందులో అటుకులు తప్ప ఏమీ లేవు. అయినా కాపలా మానలేదు.

చెరువు తూము దగ్గర తోక ఊపుకుంటూ తిరిగే నలుపు తెలుపుల చిన్న పిట్టను చూపించి, “ఇది మనది గాదు, చలికాలం బతకనీకె మంచు దేశాల నుంచి అస్తది. గిసొంటియి అరబ్బు దేశాలకు గూడ పోతయి” అని రజిత చెప్పింది. కల్పన ఆ మాటను పట్టుకుంది.

ఆ వారమే రాజమల్లు ఇమోలో వీడియో కాల్ చేశాడు. నేను జల్లెడ అడగడానికి పోయి వాళ్ళ గుమ్మంలోనే ఉన్నాను. ఎప్పటిలాగే ఫోన్ నిండా ఆయన ముఖమే. ఎప్పుడూ “తిన్నవా బిడ్డా” అని ఆయన, “తిన్న” అని కల్పన, అంతే. ఈసారి పిల్ల ఫోన్ లాక్కుంది.

“బాపూ, గాడ తోక ఊపే పిట్ట ఉన్నదా? నల్లగ, తెల్లగ? నీళ్ళకాడ ఉంటదట!”

బిడ్డ ఆయనను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆయన ముఖం వెలిగిపోయింది. “ఉన్నది బిడ్డా! పొద్దంత నా ఎంబడే తిరుగుతది. ఆగు, సూపిస్త” అంటూ గబగబా బయటికి నడిచి ఫోన్‌ను అటువైపు తిప్పాడు.

నీళ్ళ తొట్టి దగ్గర నిజంగానే ఆ పిట్ట తోక ఊపుతోంది. “గదే! గదే పిట్ట!” అని కల్పన గంతులేసింది.

దుర్గవ్వ పిట్టను చూడలేదు. తొట్టి చుట్టూ ఉన్న గొర్రెల మందను చూసింది. రేకుల షెడ్డును, దానికి కట్టిన తాడు మీద ఆరేసిన చిరుగుల లుంగీని, ఆ వెనక ఎంత దూరమైనా ఇసుక తప్ప ఏమీ లేని నేలను చూసింది. కంపెనీ లేదు, బండి లేదు, ఇంకో మనిషి జాడ లేదు. లోకంలో అందరినీ అనుమానించిన మనిషి, భర్త గొర్రెల వెంట చిక్కుకుపోయి ఉంటాడన్న ఈ ఒక్క అనుమానం పడలేకపోయింది.

ఇక తిట్లు మొదలవుతాయని నేను భయపడ్డాను. ఆమె ఫోన్ తీసుకుని చాలా మెల్లగా అడిగింది.

“గాడ నీకు బువ్వ ఎవలు వండుతున్నరు?”

ఆయన ఫోన్‌ను ఇంకా పిట్ట వైపే పట్టుకున్నాడు.

“నేనే వండుకుంటున్న” అన్నాడు. “గొర్ల ఆసాములు రానిస్తలేరే. పాస్‌పోర్టు ఆళ్ళ తాన్నే ఉన్నది.”

“నీ ముఖం సూపియ్యి ఒకసారి.”

ఆయన ఫోన్ తిప్పలేదు. పిట్ట ఎగిరిపోయింది. మాకు గొర్రెలే కనబడుతూ ఉన్నాయి.