నంబరున్న మోకాలు

ఈ రోజు ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో మా ఎముకల క్లినిక్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. మోకాలి మార్పిడి వద్దని రెండుసార్లు వెళ్లిపోయిన మనిషి. ఆయన దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ ఉంది. దానికి ఒక్క మర మార్చాలన్నా ఆ కాలం నాటిదే, నంబరు చూసి మరీ వెతికి తెస్తాడు.

"నా తుపాకీకే కొత్త సామాను వెయ్యను డాక్టర్. నాకెలా వేయించుకుంటాను?"

"మీ కాలం నాటి మోకాలు దొరకదండీ. కానీ మేం వేసేదానికీ నంబరుంటుంది. ఆ స్టిక్కరు మీ ఫైల్లో అంటిస్తాం."

ఆయన కళ్లు మెరిశాయి. "గ్రాండ్, భలే! ఆ ముక్క ముందే చెప్పొద్దూ? నాకూ ఒక స్టిక్కరివ్వు, రైఫిల్ కాగితాల్లో దాచుకుంటాను," అంటూ ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాడు.

నేనేమో ఆర్నెల్లుగా ఎక్స్‌రేలు చూపిస్తూ గొంతు చించుకుంటున్నాను. మీ ఇంట్లో మొండివాళ్లు ఏ మాటకి దిగొచ్చారో చెప్పండి, రేపు క్లినిక్‌లో పనికొస్తుంది.